బండి కింద జనరేటర్ – బండి లోపల ప్రాణాలు

(సంచార వైద్య వాహనాల సిబ్బందికి, డ్రైవర్ సోదరులకు, క్యారవాన్‌లో ప్రయాణించే కుటుంబాలకు ఒక పాఠం)



ఆరోగ్య పుస్తకంలో జనరేటర్ గురించి పాఠమేమిటని మీకు ఆశ్చర్యం కలగవచ్చు. షుగరు, బి.పి., క్షయ, గర్భిణీ స్త్రీల ఆహారం గురించి చదివే ఈ పేజీలలో డీజిలు, ఆయిలు, సైలెన్సరు అనే మాటలు కొత్తగానే ఉంటాయి. కానీ మా వైద్య శిబిరంలో ఒక మధ్యాహ్నం జరిగిన సంగతి చదివితే ఈ పాఠం ఇక్కడ ఎందుకు ఉందో మీకే అర్థమవుతుంది.

అది వర్షాకాలం. ఒక పల్లెలో చర్చి ఆవరణలో మా సంచార వైద్య వాహనాన్ని నిలిపాము. లోపల ఒక పరీక్ష గది, చిన్న ల్యాబు, మందుల ఫ్రిజ్, ఏ.సి. ఉన్నాయి. వీటన్నిటికీ కరెంటు ఇచ్చేది బండి వెనుక భాగంలో, ఫ్లోరు కింద అరలో బిగించిన చిన్న డీజిల్ జనరేటర్. పదకొండు గంటలకు వాన మొదలైంది. కిటికీలు, తలుపు మూసి, ఏ.సి. వేసుకుని పని సాగించాము. రోగులు చర్చి వరండాలో కూర్చుని, ఒక్కొక్కరుగా లోపలికి వచ్చి వెళుతున్నారు.

రెండు గంటలు గడిచాయి. ముందుగా ల్యాబులో ఉన్న సిస్టర్ తలనొప్పిగా ఉందని చెప్పింది. పొద్దున టిఫిన్ తినలేదు, అందుకేనేమో అనుకున్నాము. కాసేపటికి టెక్నీషియన్‌కు వాంతి వచ్చింది. నాకు కూడా కణతల దగ్గర నొప్పి, కాళ్లలో నీరసం. వేలికి ఆక్సిజన్ చూసే క్లిప్పు పెట్టుకుంటే 98 చూపించింది. సరే, భయం లేదనుకుని పనిలో పడ్డాము.

అప్పుడు టీ తీసుకుని వచ్చిన మా డ్రైవరు మా ముఖాలు చూసి ఆగిపోయాడు. "డాక్టర్ గారూ, వరండాలో ఇంతమంది ఉన్నారు, ఒక్కరికీ ఏమీ కాలేదు. లోపల ఉన్న మీ ముగ్గురికే ఎందుకిలా అవుతోంది? ముందు మీరందరూ దిగండి" అన్నాడు. వెంటనే వెళ్లి జనరేటర్ ఆపేశాడు. బయట గాలిలో అరగంట కూర్చునేసరికి తలనొప్పి తగ్గుముఖం పట్టింది. వాన వెలిశాక, ఇంజను చల్లారాక అర తలుపు తెరిచి చూశాడు. ఇంజనుకూ సైలెన్సరుకూ మధ్య ఉండే వంగే గొట్టం క్లాంపు సడలిపోయి ఉంది. దాని చుట్టూ నల్లగా మసి. దానికి పైగా, ఫ్లోరులో నుంచి వైర్లు వెళ్లే రంధ్రానికి ఉండవలసిన రబ్బరు మూత ఊడిపోయి ఉంది. పొగ ఆ దారిన నేరుగా మేము కూర్చున్న గదిలోకి వచ్చింది.

ఆ రోజు దేవుడు ఆ సోదరుని ప్రశ్న ద్వారా మమ్మల్ని కాపాడాడు. అందరికీ అలా జరగదు. 2024 డిసెంబరులో కేరళ రాష్ట్రం కోళికోడ్ జిల్లా వడకర దగ్గర రోడ్డు పక్కన ఆపిన క్యారవాన్‌లో ఇద్దరు మనుషులు చనిపోయి కనిపించారు. తరువాత నిపుణులు ఆ బండిలో జనరేటర్ నడిపి పరీక్ష చేశారు. జనరేటర్ పొగలోని కార్బన్ మోనాక్సైడ్ ఫ్లోరులోని రంధ్రం గుండా లోపలికి చేరిందని తేలింది.  వారు ఏ.సి. వేసుకుని విశ్రాంతి తీసుకున్నారు, అంతే.

కాబట్టి ఈ పాఠం సారాంశం ఒక్క మాటలో చెబుతాము: బండిలోని జనరేటర్‌ను చూసుకోవడం అంటే బండిలోని మనుషులను చూసుకోవడమే. అందుకే ఆయిలు, డీజిలు కంటే ముందు పొగ దారి చూడాలి.

1. ఈ పాఠం ఎవరికి?

పల్లెలకు వెళ్లే వైద్య వాహనాలు, కంటి శిబిరాల బండ్లు, రక్తదాన వాహనాలు, సినిమా షూటింగులకు వాడే వ్యానిటీ వ్యాన్లు, యాత్రలకు అద్దెకు ఇచ్చే క్యారవాన్లు – వీటన్నిటిలో ఏర్పాటు ఒకటే. మనుషులు ఒక మూసిన గదిలో ఉంటారు, వారికి అడుగుల దూరంలోనే ఇంజను నడుస్తుంది. అమెరికా, కెనడాలలో ఉన్న మన పిల్లలు సెలవులకు అద్దెకు తీసుకునే మోటార్‌హోమ్‌లు కూడా ఇలాంటివే. వాటిలో వంట, నిద్ర, స్నానం అన్నీ బండిలోనే. అక్కడున్న మీ పిల్లలకు కూడా ఈ పాఠం చదివి వినిపించండి.

2. కనిపించని విషం

డీజిలు పూర్తిగా కాలితే కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరి వస్తాయి. సరిగా కాలకపోతే వాటితోపాటు కార్బన్ మోనాక్సైడ్ కూడా వస్తుంది. దీనికి రంగు లేదు, వాసన లేదు, కళ్లు మండవు. పెట్రోలు ఇంజను కంటే డీజిల్ ఇంజను పొగలో ఇది తక్కువే. కానీ "డీజిల్ కదా, ఫరవాలేదు" అనుకోవడం పొరపాటు. గాలి ఫిల్టరు మూసుకుపోయినా, ఇంజక్టరు పాడైనా ఈ వాయువు పెరుగుతుంది. తక్కువగా వచ్చినా, చిన్న గదిలో గంటల తరబడి పోగైతే ప్రాణం తీస్తుంది.

మన రక్తంలోని హిమోగ్లోబిన్ ఊపిరితిత్తుల నుంచి ఆక్సిజన్‌ను మోసుకుపోయి శరీరమంతటికీ అందిస్తుంది. కార్బన్ మోనాక్సైడ్ ఆ హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. బస్సులో సీట్లన్నీ వేరొకరు ఆక్రమించుకుంటే అసలు ప్రయాణికుడు నిలబడిపోయినట్లు, ఆక్సిజన్‌కు చోటు దొరకదు. గుండె కొట్టుకుంటున్నా, ఊపిరి ఆడుతున్నా, మెదడుకు ఆక్సిజన్ అందదు.

మొదటి లక్షణాలు తలనొప్పి, తల తిరగడం, వికారం, వాంతి, నీరసం. వీటిని చూసి ఎండదెబ్బ అనో, పైత్యం అనో, ప్రయాణ బడలిక అనో పొరపడతారు. తరువాత మాట తడబడుతుంది, మతి స్థిమితం తప్పుతుంది, స్పృహ పోతుంది. నిద్రలో ఉన్నవారికి, మద్యం తాగినవారికి మొదటి లక్షణాలు తెలియవు. వారు నిద్ర నుంచి లేవకపోవచ్చు.

వేలి క్లిప్పును నమ్మవద్దు. సాధారణ పల్స్ ఆక్సీమీటర్ ఆక్సిజన్ ఎక్కిన హిమోగ్లోబిన్‌కూ, కార్బన్ మోనాక్సైడ్ పట్టిన హిమోగ్లోబిన్‌కూ తేడా గుర్తించలేదు. అందుకే ఆ రోజు మాకు 98 చూపించింది. ఈ వాయువును కనిపెట్టడానికి ప్రత్యేక రక్తపరీక్ష కావాలి.

మూడు గుర్తులు జ్ఞాపకం ఉంచుకోండి:

(అ) ఒకే గదిలో ఉన్న ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తలనొప్పి రావడం.
(ఆ) బండి దిగి బయటికి వస్తే తగ్గి, మళ్లీ ఎక్కితే రావడం.
(ఇ) జ్వరం లేకుండా తలనొప్పి, వాంతులు కలిసి రావడం.

వీటిలో ఏది కనిపించినా కారణం తరువాత వెతకవచ్చు. ముందు బండి దిగండి.

3. పొగ దారి పరీక్ష

ఈ పరీక్ష ఇంజను చల్లగా ఉన్నప్పుడు, శిబిరానికి బయలుదేరే రోజు ఉదయం చేయాలి. పది నిమిషాలు చాలు.

ఇంజను నుంచి సైలెన్సరు వరకు, అక్కడి నుంచి గొట్టం చివర వరకు టార్చిలైటుతో చూడండి. అతుకుల దగ్గర, క్లాంపుల దగ్గర నల్లటి మసి చార కనిపిస్తే అక్కడ పొగ కారుతోందని అర్థం. వంగే గొట్టంలో పగుళ్లు, సైలెన్సరులో తుప్పు రంధ్రాలు వెతకండి. మన రోడ్ల గుంతలలో కుదుపులకు ముందుగా సడలేది క్లాంపులే. చేత్తో కదిపి చూసి, వదులుగా ఉంటే బిగించండి. ఇంజను వేసిన వెంటనే టక్ టక్ మని కొత్త శబ్దం వినిపించినా పొగ కారుతోందేమో అని అనుమానించాలి. పగిలిన గొట్టానికి గుడ్డ చుట్టడం, ఎంసీల్ పూయడం మరమ్మతు కాదు. గొట్టం మార్చవలసిందే.

తరువాత బండి లోపలికి వెళ్లి ఫ్లోరు చూడండి. వైర్లు, నీటి పైపులు కిందికి వెళ్లే ప్రతి రంధ్రం మూసి ఉండాలి. కొత్తగా ఒక పరికరం బిగించడానికి ఎవరైనా ఫ్లోరుకు రంధ్రం చేస్తే, ఆ పని అయిన రోజే దాన్ని మూయించాలి. జనరేటర్ అరకూ గదికీ మధ్య ఉన్న గోడలో సందులు ఉండరాదు.

గొట్టం చివర బండి అంచు దాటి బయటికి ఉండాలి. తలుపు కిందికి, కిటికీ కిందికి, ఏ.సి. గాలి పీల్చుకునే వైపుకు తిరిగి ఉండరాదు. వాడకుండా వారాల తరబడి ఉంచిన బండి గొట్టంలో కందిరీగలు మట్టిగూళ్లు కట్టవచ్చు. అది కూడా చూడండి.

బండి ఆపే చోటు కూడా ముఖ్యమే. గోడకు ఆనించి ఆపితే పొగ గోడకు తగిలి వెనక్కి వస్తుంది. గట్టు పక్కన ఆపితే గొట్టం బురదలో కూరుకుపోవచ్చు. రెండు బండ్లు పక్కపక్కన ఉంటే ఒకదాని పొగ మరొక దానిలోకి పోతుంది. గాలి ఎటు వీస్తుందో చూసి, పొగ మనుషులకు దూరంగా పోయేలా నిలపండి. వేడి సైలెన్సరు దగ్గర ఎండుగడ్డి, గడ్డివాము ఉండరాదు. నిప్పు అంటుకునే ప్రమాదం ఉంది. మంచు కురిసే దేశాలలో మంచు గొట్టాన్ని మూసేస్తుంది. కాబట్టి అక్కడివారు మాటిమాటికీ తొలగించాలి.

చివరగా, పడుకునే చోట, పని చేసే చోట కార్బన్ మోనాక్సైడ్ అలారం బిగించండి. వారానికి ఒకసారి దాని బటన్ నొక్కి శబ్దం వస్తుందో లేదో చూడండి. దాని సెన్సార్‌కు గడువు ఉంటుంది. ఆ తేదీ దాటితే కొత్తది కొనాలి. పొగను కనిపెట్టే అగ్నిప్రమాద అలారం వేరు, ఇది వేరు. అలారం ఉంది కదా అని జనరేటర్ నడుస్తుండగా మూసిన బండిలో నిద్రపోవద్దు.

4. స్టార్టు చేసే ముందు రోజూ చూడవలసినవి

ఆయిలు: బండి సమతలంగా ఉన్నప్పుడు గేజి కడ్డీ తీసి, తుడిచి, మళ్లీ ముంచి చూడాలి. రెండు గీతల మధ్య ఉండాలి. డీజిల్ ఇంజనులో ఆయిలు త్వరగా నల్లబడుతుంది. ఆ నలుపు చూసి భయపడనక్కరలేదు. కానీ మజ్జిగలా తెల్లబడితే నీరు కలిసినట్లు. పోయకుండానే మట్టం పెరిగి, డీజిల్ వాసన వస్తే డీజిల్ కలిసినట్లు. ఈ రెండు సందర్భాలలోనూ ఇంజను వేయకుండా మెకానిక్‌ను పిలవాలి.

కూలెంటు: రేడియేటర్ ఉన్న ఇంజన్లలో పక్కనున్న డబ్బాలో మట్టం చూడండి. బోరు నీరు పోస్తే లోపల సున్నం పేరుకుంటుంది. తయారీదారు చెప్పిన కూలెంటే పోయండి.

డీజిలు: కారడం లేదని చూడండి. ఫిల్టరు కింద నీరు వేరు చేసే గిన్నె ఉంటే దాని మర తిప్పి కొద్దిగా గాజు సీసాలోకి వదలండి. డీజిలు కంటే బరువైనది కాబట్టి నీరు సీసా అడుగున చేరుతుంది. నీరు పోయి శుభ్రమైన డీజిలు వచ్చేవరకు వదిలి, మర బిగించండి.

బెల్టు, వైర్లు: బెల్టులో పగుళ్లు, వైర్ల మీద ఎలుకల పళ్ల గాట్లు చూడండి.

బ్యాటరీ: టెర్మినళ్ల మీద తెల్లటి బూజులాంటిది ఉంటే శుభ్రం చేయాలి. నీరు పోసే రకమైతే డిస్టిల్డ్ వాటరే పోయాలి. పూర్తిగా చార్జి అయిన 12 వోల్టుల బ్యాటరీ, ఏ లోడూ లేనప్పుడు సుమారు 12.6 వోల్టులు చూపించాలి.

సెల్ఫు ఒక్కసారికి పది సెకన్లకు మించి కొట్టవద్దు. స్టార్టు కాకపోతే ఒక నిమిషం ఆగి మళ్లీ ప్రయత్నించండి.

5. లోడు లెక్క

యంత్రం మీద 5 కె.వి.ఏ. అని రాసి ఉంటే, దాన్ని 0.8తో గుణిస్తే సుమారు 4 కిలోవాట్లు, అంటే 4,000 వాట్లు. అదే దాని గరిష్ఠ శక్తి. ఇప్పుడు మన బండిలోని పరికరాలు లెక్కిద్దాము. ఒక టన్ను ఏ.సి. సుమారు 1,200 వాట్లు, మందుల ఫ్రిజ్ 150, దీపాలు, ఫ్యాన్లు 200, కంప్యూటరు, స్కానింగు యంత్రం 300. మొత్తం 1,850. దీనికి 1,800 వాట్ల ఆటోక్లేవు కలిపితే 3,650 అవుతుంది. అంకెల ప్రకారం సరిపోతుంది. కానీ ఏ.సి. మొదలయ్యే క్షణంలో మామూలు కంటే ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది. అందుకే ఆటోక్లేవు నడుస్తుండగా ఏ.సి. వేస్తే ఇంజను ఒక్కసారిగా బరువెక్కి నల్లటి పొగ వదులుతుంది, లేదా ఎం.సి.బి. పడిపోతుంది. పెద్ద పరికరాలను ఒకదాని తరువాత ఒకటిగా వేయండి.

లోడు మరీ తక్కువైనా చెడ్డదే. రెండు బల్బులు, ఒక ఫోను చార్జరు కోసం గంటల తరబడి జనరేటర్ నడిపితే ఇంజను వేడెక్కదు. డీజిలు పూర్తిగా కాలక సిలిండరులో, సైలెన్సరులో నల్లటి జిడ్డు పేరుకుంటుంది. గరిష్ఠ శక్తిలో కనీసం మూడో వంతు అయినా లోడు ఉండేలా చూడండి. చిన్న అవసరాలకు ఇన్వర్టరు, బ్యాటరీ వాడుకోవడం మేలు.

ఆపేటప్పుడు ముందు పరికరాలన్నీ ఆపి, మూడు నుంచి ఐదు నిమిషాలు ఖాళీగా నడిపి, ఆ తరువాత ఇంజను ఆపండి. జనరేటర్ ఆపితే ఫ్రిజ్ కూడా ఆగుతుందని మరువవద్దు. టీకాలు, ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. రాత్రికి వాటిని ఐస్ ప్యాకులున్న పెట్టెలోకి మార్చండి. అయితే ఇన్సులిన్ గడ్డకట్టరాదు. ఐస్‌కు నేరుగా తగలనివ్వకండి.

6. గంటల లెక్కన సర్వీసు

కారుకు కిలోమీటర్లు ఎలాగో జనరేటర్‌కు గంటలు అలాగ. అవర్ మీటరు చూసి సర్వీసు చేయించాలి. చాలా చిన్న ఇంజన్లకు కొత్తలో మొదటి ఆయిలు మార్పు 50 గంటలకు, తరువాత 150 నుంచి 250 గంటలకు ఒకసారి ఉంటుంది. అన్ని గంటలు నడవకపోయినా ఏడాదికి ఒకసారి మార్చాలి. మీ యంత్రంతో వచ్చిన పుస్తకంలో ఏ అంకె ఉంటే దాన్నే పాటించండి. ఆయిలుతోపాటు ఆయిలు ఫిల్టరు కూడా మార్చాలి.

కాగితపు గాలి ఫిల్టరును నీటితో కడగరాదు. మట్టి రోడ్ల మీద తిరిగే బండికి పుస్తకంలో చెప్పిన గడువు కంటే ముందే అది మూసుకుపోతుంది. డీజిల్ ఫిల్టరు మార్చినా, ట్యాంకు పూర్తిగా ఖాళీ అయినా పైపులలో గాలి చేరి ఇంజను స్టార్టు కాదు. అప్పుడు ఫిల్టరు మీది చిన్న స్క్రూ సడలించి, చేతి పంపు కొడుతూ, బుడగలు లేకుండా డీజిలు వచ్చాక బిగించాలి.

నెల రోజులు శిబిరాలు లేకపోయినా, నెలకు ఒకసారి సగం లోడుతో గంట నుంచి రెండు గంటలు నడపండి. తడి ఆరుతుంది, బ్యాటరీ చార్జి అవుతుంది, సీళ్లకు ఆయిలు అందుతుంది. ఎక్కువ కాలం నిలిపే బండి ట్యాంకును నిండుగా ఉంచండి. ఖాళీ ట్యాంకులో గాలిలోని తేమ నీరుగా మారి డీజిలులో కలుస్తుంది. ఆ నీటిలో సూక్ష్మజీవులు పెరిగి జిగురులా ఫిల్టరును మూసేస్తాయి.

పొగ రంగు ఇంజను నాడి లాంటిది. నల్లటి పొగ: లోడు ఎక్కువైంది, లేదా గాలి ఫిల్టరు మూసుకుపోయింది. నీలి పొగ: ఆయిలు కాలుతోంది. చల్లని ఉదయం మొదట కొద్దిసేపు తెల్లటి పొగ సహజమే. వేడెక్కిన తరువాత కూడా ఆగకపోతే డీజిలు కాలకుండా వస్తోంది, లేదా లోపలికి నీరు చేరుతోంది. అయితే పొగ కనిపించనంత మాత్రాన ప్రమాదం లేదనుకోవద్దు. కార్బన్ మోనాక్సైడ్ ఏ రంగులోనూ కనిపించదు.

7. పని చేసేవారి ఆరోగ్యం

నోటితో డీజిలు లాగడం: ట్యాంకు నుంచి పైపు పెట్టి నోటితో పీల్చి తీయడం మన దగ్గర చాలామంది చేసే పని. గుక్కెడు డీజిలు ఊపిరితిత్తులలోకి జారితే తీవ్రమైన న్యుమోనియా వస్తుంది. ఎవరైనా మింగితే వాంతి చేయించవద్దు. వాంతితో పైకి వచ్చిన డీజిలు ఊపిరితిత్తులలోకి పోతుంది. ఉప్పు నీరు తాగించవద్దు. వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. చేతి పంపు ఒకటి బండిలో ఉంచుకుంటే ఈ ప్రమాదమే ఉండదు.

వేడి రేడియేటర్ మూత తెరవవద్దు. ఆవిరి ఎగదన్ని ముఖం కాలుతుంది. కాలితే 20 నిమిషాలు పారే చల్లటి నీటి కింద ఉంచండి. పేస్టు, సిరా, నెయ్యి, పసుపు పూయవద్దు. శుభ్రమైన గుడ్డ కప్పి ఆసుపత్రికి రండి.

అర తెరిచి ఉండగా చీర కొంగు, చున్నీ, లుంగీ బెల్టు దగ్గరికి రానివ్వకండి. జుట్టు ముడి వేసుకోండి. బ్యాటరీ దగ్గర అగ్గిపుల్ల వెలిగించవద్దు. యాసిడ్ కంట్లో పడితే ఎక్కువ నీటితో చాలాసేపు కడిగి, కంటి డాక్టరుకు చూపించండి.

కాలిన ఆయిలులో చర్మానికి హాని చేసే, క్యాన్సర్ కలిగించే పదార్థాలు ఉంటాయి. చేతి తొడుగులు వేసుకోండి. సబ్బుతో కడుక్కోండి. దాన్ని కాలువలో, పొలం గట్టున పారబోయకుండా డబ్బాలో పట్టి సర్వీసు షాపుకు ఇవ్వండి. డీజిల్ పొగను కూడా ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా సంస్థ 2012లో మనుషులకు క్యాన్సర్ కలిగించే వాటి జాబితాలో చేర్చింది. కాబట్టి రోగులను పొగ గొట్టం వైపు వరుసలో నిలబెట్టవద్దు. జనరేటర్ పక్కన గంటల తరబడి పని చేసేవారు చెవులకు రక్షణ వాడాలి.

8. విష వాయువు సోకితే ప్రథమ చికిత్స

(1) అందరినీ వెంటనే బయటి గాలిలోకి తీసుకురండి. తలుపులు, కిటికీలు తెరవండి. జనరేటర్ ఆపండి. మీరు లోపల ఎక్కువసేపు ఉండవద్దు.
(2) 108కి ఫోను చేయండి. "జనరేటర్ పొగ సోకింది" అని స్పష్టంగా చెప్పండి. ఆ ఒక్క మాట డాక్టరుకు దారి చూపిస్తుంది.
(3) స్పృహ లేక ఊపిరి ఉంటే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. ఊపిరి లేకపోతే, నేర్చుకున్నవారు ఛాతీ నొక్కడం మొదలుపెట్టాలి.
(4) బండిలో ఆక్సిజన్ సిలిండరు ఉంటే బయటకు తెచ్చి మాస్కుతో ఇవ్వండి. మామూలు గాలిలో ఈ విషం రక్తంలో సగానికి తగ్గడానికి సుమారు నాలుగైదు గంటలు పడుతుంది. పూర్తి ఆక్సిజన్‌తో గంట, గంటన్నరలో తగ్గుతుంది.
(5) గర్భిణీ స్త్రీ లోపల ఉండి ఉంటే, ఆమెకు బాగానే ఉన్నా ఆసుపత్రికి తప్పక తీసుకురండి. తల్లి కంటే కడుపులోని బిడ్డకు ప్రమాదం ఎక్కువ.
(6) తేరుకున్నవారిలో కొందరికి రోజులు, వారాల తరువాత మతిమరుపు, నడకలో తేడా రావచ్చు. మళ్లీ చూపించుకోవాలి.

9. ఒక నోటు పుస్తకం

ఆ రోజు సాయంత్రం మేము బండి పుస్తకం తెరిచి చూశాము. చివరి రెండు నెలల పేజీలు ఖాళీగా ఉన్నాయి. డ్రైవరు శిబిరానికి కావలసినవి మోయడంలో ఉన్నాడు, మేము రోగుల చీట్లలో ఉన్నాము. ఎవరి పని అని ఎవరూ అనుకోలేదు. తప్పు ఒక్కరిది కాదు.

ఇప్పుడు పుస్తకంలో ప్రతి శిబిరానికి ఒక వరుస ఉంది: తేదీ, అవర్ మీటరు అంకె, పొగ దారి, ఫ్లోరు రంధ్రాలు, అలారం, ఆయిలు, కూలెంటు, నీరు తీయడం. చివర రెండు సంతకాలు – ఒకటి డ్రైవరుది, ఒకటి లోపల పని చేసే నర్సుది. పొగ పీల్చేది లోపలివారు కాబట్టి వారు కూడా కళ్లతో చూడాలని ఈ పద్ధతి పెట్టుకున్నాము. రెండు సంతకాలు లేకపోతే బండి కదలదు.

మననం చేసుకోవడానికి ప్రశ్నలు

1. వేలి క్లిప్పు 98 చూపిస్తే కార్బన్ మోనాక్సైడ్ సోకలేదని చెప్పవచ్చా?
జవాబు: చెప్పలేము. సాధారణ క్లిప్పు తేడా గుర్తించదు.

2. క్లాంపు దగ్గర నల్లటి మసి చార దేనికి గుర్తు?
జవాబు: అక్కడ పొగ కారుతోంది. సరిచేసేవరకు జనరేటర్ వేయరాదు.

3. డీజిలు మింగినవారికి వాంతి చేయించాలా?
జవాబు: చేయించరాదు. వెంటనే ఆసుపత్రికి తీసుకురావాలి.

4. మీ బండిలో ఫ్లోరుకు ఎన్ని రంధ్రాలు ఉన్నాయి? అన్నీ మూసి ఉన్నాయా?
జవాబు: ఇది మేము చెప్పలేము. ఈ రోజే మీరు టార్చిలైటు తీసుకుని చూడండి.

ప్రభువు చెప్పిన పదిమంది కన్యకల ఉపమానం మనకు తెలిసినదే. దీపాలు అందరి దగ్గరా ఉన్నాయి. ముందుగా నూనె చూసుకున్నవారు ఐదుగురే. మన బండిలోని దీపాలు, ఫ్రిజ్, ఏ.సి. కూడా అలాంటివే. బయలుదేరే ముందు పది నిమిషాలు మోకాళ్ల మీద కూర్చుని బండి కిందికి చూడటం సేవలో భాగమే. రోగులను బాగుచేయడానికి వెళ్లేవారు క్షేమంగా ఇంటికి తిరిగి రావాలి. దేవుడు మీ ప్రయాణాలను కాపాడును గాక!